ఎడమ అంచు

తాండూరు
31 ఆగస్టు 1963

ప్రియమైన అక్కా,

నీ కార్డు అందింది. చిన్నదానికి దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. నేను మాత్రం బాగున్నానని అబద్ధం రాయలేను. జూన్‌లో కరణ్‌కోట బడికి మార్చినప్పటి నుంచి రోజూ సైకిలే కదా. డాంబరు ఒక్క బండి పట్టేంతే ఉంటుంది, రెండు పక్కలా గనుల్లోంచి తెచ్చి పేర్చిన బండలు. వెనక లారీ హారన్ వినగానే సైకిలువాళ్లం ఎడమ అంచుకు జరిగి, హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబడతాం. డ్రైవర్లు జర కుడికి తిప్పి పోతారు. ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు మన చంద్రప్ప బావే.

మంగళవారం, శుక్రవారం బండల కోసం వస్తాడు. నా మోచేతికి జానెడు దూరంలో లారీ పోతుంది. నిన్న నా సంచి లారీ కొక్కేనికి తగిలి చిరిగింది. చిన్నదాని పుట్టువెంట్రుకలకు మేనమామగా నేను రాలేదని ఆయనకు కోపం. పరీక్షలని సెలవు ఇవ్వలేదని ఎన్నిసార్లు చెప్పాను! కోపముంటే ఇంటికొచ్చి తిట్టమను, పడతాను. రోడ్డు మీద పగ తీర్చుకోవడం ఏమిటి? నువ్వే అడుగు.

నీ తమ్ముడు,
జనార్దన్


వికారాబాద్
7 సెప్టెంబర్

నా బంగారు తమ్మునికి,

ఇంట్లో నీ పేరెత్తలేనురా. ఎత్తితే లేచి బయటికి పోతాడు. నేనొకటి చెప్తాను, ఎందుకని అడగకు. మంగళ, శుక్రవారాల్లో హారన్ వినబడగానే దిగిపో. సైకిలు ఎత్తుకుని బండల అవతల నిలబడు. లారీ పోయాకే మళ్లీ ఎక్కు. నా మీద ఒట్టు.

చిన్నది 'మామ' అనడం నేర్చింది. ఎవరు తలుపు కొట్టినా అదే అంటుంది.

అక్క,
రుక్కమ్మ


తాండూరు
14 సెప్టెంబర్

ప్రియమైన అక్కా,

నీ కార్డు నాలుగుసార్లు చదివాను. 'ఆయనది తప్పు' అన్న మాట ఎక్కడా లేదు. దిగాల్సింది నేనట!

సరే, ఒట్టు పెట్టావని మంగళవారం దిగాను. బండల వెనక దాక్కున్న పంతులును చూసి పిల్లలు రోజంతా నవ్వారు. శుక్రవారం దిగడానికి సందు కూడా లేదు. ఎడమన నడుమెత్తు బండలు, కుడిన లారీ. ముందుకు పోలేను, వెనక్కి రాలేను. లారీ హ్యాండిల్‌కు తగిలి బండల మీద పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆయన వెనక్కి తిరిగైనా చూడలేదు అక్కా. నొప్పి కంటే అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇంకో దారి లేదు, ఉద్యోగం వదలలేను. అందుకే వచ్చే మంగళవారం అంచుకు పోను. రోడ్డు నడిమధ్యలో తొక్కుతాను. దాటాలంటే నా మీదుగా పోవాలి. బావ గుండె ఎంత గట్టిదో చూస్తాను.

జనార్దన్


వికారాబాద్
16 సెప్టెంబర్, సోమవారం

జనార్దన్, నాయనా,

ఇది కార్డు మీద రాసేది కాదు, కవరు కొన్నాను. నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. రేపే మంగళవారం. పరుగున స్టేషన్‌కు పోయి రైలు టపాలోనే వేస్తాను. పొద్దున్నే అందితే బాగుండు.

మీ బావకు ఎడమ కన్ను కనబడదు. ఉగాదికి ముందు గనిలో రాయి పెచ్చు తగిలింది. ఒకనాడు ఎడమ పక్కన పెట్టిన నీళ్ల చెంబు కోసం తడుముతుంటే నాకు తెలిసింది. "ఎవ్వరికన్న చెప్పినవనుకో, మన పొయ్యి ఆరిపోతది" అన్నాడు. లారీ తప్ప ఆయనకు ఇంకో పని రాదు. ఆయన తిరిగొచ్చేదాకా నాకు రోజూ ముద్ద దిగదు. నీ మొదటి ఉత్తరం నుంచి, నిన్ను కాపాడుకోవాలా ఇంటిని కాపాడుకోవాలా తెలియక చస్తున్నాను. ఎడమ అంచున పోయేవాళ్లు ఆయన కంటికి ఆనరు. మధ్యలో ఉంటే ఆనతావో, ఆనినా ఆగగలడో, నాకు తెలియదు. రేపు బడికి పోకు.

పగ అన్నావు. చిన్నదాని పుట్టువెంట్రుకలు ఇంకా తీయనే లేదురా. మేనమామ కత్తెర పడితేనే అని అందరినీ తిప్పి పంపాడు.

నీ అక్క


తాండూరు
17 సెప్టెంబర్, సాయంత్రం

ప్రియమైన అక్కా,

ముందు ఇది చదువు: నేను బాగున్నాను, బావా బాగున్నాడు.

నీ కవరు ఇందాకే అందింది. పొద్దున నేను అన్నంత పనీ చేశాను. వెనక హారన్ మోగింది, జరగలేదు. బ్రేకు కీచుమంది. వెనక చక్రానికి బంపరు తగిలి ఆగింది. బావ దిగి వచ్చాడు. సైకిలు పడేసి అరిచాను. "పుట్టెంటికలకు రాలేదని నన్ను సంపుతవా బావా?"

ఆయన తెల్లబోయాడు. "నువ్వు గీ రోడ్డు మీద ఎప్పటిసంది వస్తున్నవ్?" అన్నాడు. జూన్ నుంచి అన్నాను. వారానికి రెండుసార్లు నన్ను రాసుకుంటూ పోతున్నాడని కూడా చెప్పాను. నా మోచేతి కట్టు చూడటానికి తల మొత్తం ఎడమకు తిప్పాడు. అప్పుడు అర్థమైంది నాకు. బండ మీద కూలబడ్డాడు. గని కూలీలు వరసగా సైకిళ్ల మీద అంచునే పోతున్నారు. ఒక్కొక్కరినీ తల తిప్పి తిప్పి చూశాడు.

"నువ్వంటే అడ్డం నిలబడ్డవ్. నిలబడనోళ్లు ఎంతమందో జనార్దన్" అన్నాడు.

లారీని గని దగ్గర ఖాళీ జాగాలో నిలిపి, తాళంచెవి తీసి నా జేబులో వేశాడు. "నేనడిగినా ఇయ్యకు" అన్నాడు. తాండూరు వచ్చేలోపే రెండుసార్లు అడిగాడు. ఇప్పుడు అది నా బల్ల మీద ఉంది. ఆయనకిస్తే రోడ్డు మీద ఎవరో ఒకరు పోతారు. ఇవ్వకపోతే మీ పొయ్యి ఆరుతుంది. ఇన్నాళ్లూ నువ్వెక్కడ ఇరుక్కున్నావో ఇప్పుడు తెలిసింది. రేపు తాళంచెవి లారీ యజమాని సేటు మనిషికి ఇచ్చేస్తాను అక్కా, ఎందుకో కూడా చెప్తాను. నన్ను తిట్టు. తర్వాత బతుకుతెరువు ఏమిటని బావ అప్పుడే అడిగాడు.

ఆయన్ను నా సైకిలు వెనకాల కూర్చోబెట్టుకునే తెచ్చాను. నా నడుము గట్టిగా పట్టుకుని, దారంతా "ఎడమకు ఎవలన్న ఉన్నరా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం రైలుకు ఇద్దరం వస్తాం. చిన్నదాని జుట్టు దువ్వి ఉంచు. కత్తెర నేను తెస్తాను.

నీ తమ్ముడు,
జనార్దన్