ఎన్నొద్దుల సంది

స్టేషన్ ఘన్‌పూర్, ఏప్రిల్ 1969

తమ్ముడు సారయ్యకు, నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి.

బడి మూసేశారు. తెలంగాణ కోసం దీక్ష చేస్తున్న వాళ్ల పందిట్లోనే నేనూ కూర్చుంటున్నాను. ఢిల్లీవాళ్లకు తెలిసేలా ఇంగ్లిష్‌లో బోర్డు రాయమంటే 'వి ఆర్ సిట్టింగ్' అని రాశాను. దర్జీ ఐలయ్య అర్థమడిగి, "గట్లయితే ఇయ్యాల్నే కూసున్నమనుకుంటరు గద సార్! ఇరవై మూడొద్దుల సంది కూసున్నం" అన్నాడు. పదేళ్లుగా బడిలో ఆ ఇంగ్లిష్ పాఠమే చెబుతున్నవాణ్ని, సిగ్గేసింది. 'వి హావ్ బీన్ సిట్టింగ్' అని దిద్ది, పక్కన రోజుల అంకె వేశాను. ఇప్పుడు ఐలయ్య రోజూ పొద్దున్నే పాత అంకె తుడిచి కొత్తది వేస్తున్నాడు.

అంతలో నీ కార్డు వచ్చింది. "అవ్వ దగ్గుతున్నది, పరేషాన్ కాకు" అని రాశావు. అమ్మ సంగతి కదా, నాలుగుసార్లు చదివాను. ఎప్పటినుంచి అన్నది మాత్రం రాయలేదు. దవాఖానకు తీసుకుపోయావా? మిరపకాయ ఏరడానికి ఆమెను పోనియ్యకు. బర్రె ఈనిందా? బస్సులు లేకున్నా వరంగల్‌లో రైలు దిగి అక్కణ్నుంచి మన ఊరు టేకుమట్లకు నడిచైనా వస్తాను. మరదలికి, పిల్లలకు దీవెనలు.

నీ అన్న,
మొగిలి

చిరునామా పక్కన కాస్త చోటుంటే మళ్లీ అడుగుతున్నా. దాచకు తమ్మీ, అవ్వ ఎన్నొద్దుల సంది దగ్గుతున్నది?