పదకొండు శాలువాలు, ఒక హాకీ కట్టె

సెంటినరీ కాలనీ,
ఆదివారం.

చిరంజీవి సంతోషిని అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ బాపు, నేను క్షేమం. కాలనీ మీద బొగ్గు దుమ్ము కూడా క్షేమం. బెంగుళూరు క్యాంపులో నువ్వు వేళకు తింటూ, మోకాలు కాపాడుకుంటున్నావని తలుస్తాను. ఫోన్లో మాట్లాడితే మీ బాపు పక్కనే చెవి పెడతాడు, అందుకే కాగితం పట్టాను. అంగన్‌వాడీ రిజిస్టర్లు రాసీ రాసీ నా చెయ్యి ఇంకా బాగానే నడుస్తోంది.

మీ బాపు దగ్గు గురించి అడిగావు. తగ్గింది. దవాఖానకు పొమ్మంటే "బొగ్గుబాయిల దిగినోనికి దగ్గు రాకపోతే ఎట్లనే?" అని ఎదురు నన్నే అడుగుతాడు. మందులు మాత్రం దాక్కుని మింగుతున్నాడు.

సన్మానం ఎట్లా జరిగిందన్నావు. నువ్వు దేశం తరఫున వందో మ్యాచ్ ఆడావని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. అందులో నీ తల నిమ్మకాయంత, కట్టించిన నాయకుడి తల గుమ్మడికాయంత. నీ చేతికి క్రికెట్ బ్యాటు పెట్టారు. "ఇది హాకీ కాదు సారూ" అంటే "ఏదైతేంది అమ్మా, ఆట ఆటనే గదా" అన్నాడు. సిగ్గులేని మొహం! నువ్వు లేవు కనక శాలువా నాకు కప్పారు. దీంతో పదకొండు. ఒకటి కూలరు మీద వేశాను, రెండు బియ్యం డబ్బాల కింద పరిచాను. మంచిర్యాల నుంచి మీ పెద్దమ్మ కూడా దిగింది. "మా సంతోషి చిన్నప్పటి సంది పులి" అని మైకులో చెప్పింది. నువ్వు నిక్కరు వేసుకున్నావని మూడేళ్ళు మన గడప తొక్కని మనిషి! బెల్లం ఉన్నచోటికే ఈగలు. నాకు నవ్వూ వచ్చింది, ఉమ్మాలనీ అనిపించింది.

ఇక నువ్వు రెండు ఉత్తరాల్లోనూ అడిగిన ప్రశ్న. "టీవీల నా ఇంటర్వ్యూ చూసినవా అమ్మా? ఏమనవేంది?"

చూశాను. పక్కింటి సదానందం మామ నీ మొదటి హాకీ కట్టెను పొయ్యిలో పెట్టాడనీ, ఆయనకు చూపించాలన్న కసితోనే ఇంతదాకా వచ్చాననీ చెప్పావు. కాలనీలో ప్రతి ఫోనులో అదే ముక్క తిరిగింది. పోయిన నెలాఖరున ఆయన రిటైర్మెంటు. ఆఖరి షిఫ్టు దిగిన మనిషిని ఇక్కడ ఎట్లా తీసుకొస్తారో నీకు తెలుసు: డప్పులు, దండలు, ఇంటిదాకా జనం. ఆయన ఒక్కడే టిఫిన్ డబ్బా పట్టుకుని నడిచొచ్చాడు. "ఆడపిల్ల కట్టె కాలబెట్టినోనికి దండ ఎవడేస్తడు?" అని తోటివాళ్ళే నవ్వారట. ఈ సన్నాసులకు నీతి ఇప్పుడు గుర్తొచ్చింది! అప్పట్లో అరుగుల మీద కూచుని నీ మోకాళ్ళ గురించి కూసింది వీళ్ళే.

వాళ్ళను అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది బిడ్డా? ఆ కట్టెను కాల్చింది నేను.

నీకప్పుడు పదమూడేళ్ళు. స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లకు వారం ఉంది. మీ పెద్దమ్మ వచ్చి "మోకాలి చిప్పలు పలిగిన పిల్లను ఎవడు చేసుకుంటడే?" అనేసి పోయింది. నలుగురూ నవ్వుతారని భయం పట్టుకుంది నాకు. మీ రత్నమాల టీచర్ ఇచ్చిన ఆ పాత కట్టెను గొడ్డలితో నరికి బొగ్గుపొయ్యిలో పెట్టాను. ఆ మంట మీదే నీకు అన్నం వండాను. రెండిళ్ళ మధ్య బూడిద కుప్పలో కాలిన పిడి దొరికి నువ్వు గుండెలు బాదుకుని ఏడ్చావు. ముందురోజే నీ బంతి తగిలి కిటికీ అద్దం పగిలితే ఆయన "మళ్ల తగిలితే నీ కట్టె పొయ్యిల పెడత" అని బెదిరించాడు కదా. "సదానందం మామనే కాలబెట్టిండు" అన్నావు. నేను ఔననలేదు, కాదనలేదు. గోడ అవతల నిలబడి ఆయన అంతా విన్నాడు. పొద్దున నేను నరుకుతుంటే చూసింది కూడా ఆయనే.

మొన్న ఆయన క్వార్టరు ఖాళీ చేసి పెద్దపల్లి దగ్గర సొంతూరికి పోతుంటే వెళ్ళాను. "చూసినవు గదన్నా, ఇన్నేండ్లు ఎందుకు చెప్పలె?" అని అడిగాను.

"చెప్తే ఏమొస్తుండె చెల్లె? తల్లి మీద కోపమొస్తే పిల్ల మళ్ల ఇంటికొస్తదా? నా మీద కోపమొస్తే నా ఇంటికి రాదు, గంతే గద" అన్నాడు, మంచం నులక బిగించుకుంటూ.

పదకొండో శాలువా కప్పబోతే మడిచి తిరిగిచ్చేశాడు. నా చేత్తో కప్పించుకోవాల్సిన ఖర్మ ఆయనకేం పట్టింది! ఆటో ఎక్కేముందు "పిల్ల వందో మ్యాచు గెలిచిందా?" అని మాత్రం అడిగాడు. గెలిచిందని చెప్పాను.

ఉత్తరమంతా ఊరివాళ్ళను తిట్టిపోశాను. వాళ్ళందరికంటే నీచురాలు ఇన్నేళ్ళూ నీకు అన్నం వడ్డించింది. మీ బాపుకు ఇంకా తెలియదు. ముందు నీకే చెబుతున్నాను.

వచ్చే నెల మ్యాచులప్పుడు టీవీవాళ్ళు మళ్ళీ అదే అడుగుతారు, వాళ్ళకు అంతకన్నా తెలివి లేదు. ఈసారి నిజం చెప్పు. "మా అమ్మ" అని ఊరుకోకు, శోభ అని పేరుతో చెప్పు. తర్వాత ఇంటికి రాబుద్ధి కాకపోతే రాకు. సదానందం మామ ఇంటికి మాత్రం పో.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే నీ అమ్మ,
శోభ.