ఆఖరి మాట ఎవరిది

విశాఖపట్నం,
ఆగస్టు 2004.

రోజాకి,

సాయిశంకర్ రాసేది. ఇక్కడ నేను, అమ్మ, షెడ్డులో అందరూ కులాసాగానే ఉన్నాం. ఆ హ్యూస్టన్‌లో నువ్వూ మన పాప ధనశ్రీ కూడా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని విసుక్కోకు. కొన్ని మాటలకి ఫోనులో నాకు నోరు పెగలదు.

నువ్వడిగినవాటికి జవాబు రాస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తగ్గిందే చాలని రోజూ షెడ్డుకొచ్చి, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ మీద పెత్తనం చేస్తోంది. వేట బాగానే పడుతోంది. ఐసు ఫ్యాక్టరీ వాడితో గొడవ నువ్వు చెప్పినట్టే తేల్చేశాను.

ఇక పాత కాగితాల సంగతి. నీ ఒక్కదాని సంతకంతో ఏదైనా ఉందేమో చూడమన్నావు. నేనూ, మన లెక్కలు చూసే రమణమూర్తి గారూ బీరువా అంతా తిరగేశాం. ఒక్కటీ లేదు. అన్నిటి మీదా ఇద్దరి సంతకాలే. పైన నాది, కింద నీది. మన రొయ్యల కంపెనీ పెట్టినప్పుడు అమ్మ అన్నది గుర్తుందా?

"మొగోడి పేరు ఎనకాలెట్టి ఆడదాని పేరు ముందెట్టుకుంతారేటి?"

నువ్వు నవ్వేసి నా పేరే ముందు రాయించావు. ఇద్దరం మేనేజింగ్ డైరెక్టర్లమే, ఎవరు ముందైతే ఏంటన్నావు. ఆ రోజు నుంచీ బేరం నీది, ధర నీది, అమెరికాలో కొనేవాళ్ళని వెతికి పట్టింది నువ్వు. సన్మానాల్లో శాలువాలు మాత్రం నాకు. నేను ఉత్సవ విగ్రహాన్నని నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వెప్పుడూ ఆ మాట అనలేదు.

అక్కడి లాయరు నీకు చెప్పింది రమణమూర్తి గారు నాకు విడమరిచి చెప్పారు. ఒక కంపెనీకి ఇద్దరు పెద్దలుండటం తప్పేమీ కాదట. కానీ అక్కడి ఆఫీసు నడపడానికి వెళ్ళిన మనిషి తనంతట తాను నిర్ణయాలు తీసుకోగల అధికారి అని రుజువు కావాలట. అది లేకపోతే నీ వీసా పొడిగించరు. పొడిగించకపోతే, ఏడాదిగా నువ్వు ఒంటరిగా నిలబెట్టిన ఆఫీసుకి తాళం వేసి, పాపని బడి మధ్యలో మాన్పించి వచ్చెయ్యాలి.

ఇప్పుడు నేను ఇన్నాళ్ళూ దాటేస్తున్న ప్రశ్న. విచారణకి ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగావు. చేశారు.

పోయిన నెల, వీసా వాళ్ళ తరఫున చెన్నై నుంచి. తెలుగాయనే, మర్యాదగా మాట్లాడాడు. అప్పుడు కోటి బావ, ఇంకో ఇద్దరు బోటు ఓనర్లు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నారు. మీ ఇద్దరిలో ఆఖరి మాట ఎవరిదండీ అని అడిగాడాయన. నీదేనని నాలుక చివరిదాకా వచ్చింది. ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు.

"ఇద్దరం కలిసే సేత్తామండి," అన్నాను.

ఆవిడ ఒక్కరే నిర్ణయించినవి ఏమైనా ఉన్నాయా అని మళ్ళీ అడిగాడు. పాపం, ఆయన నాకు ఇంకో అవకాశం ఇచ్చాడు.

"నన్నడక్కుండా ఆవిడ ఏదీ సెయ్యదండి."

థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మర్నాటి నుంచీ ఆ నంబరుకి చేస్తూనే ఉన్నాను. ఎవరూ ఎత్తరు. పోనీ నిజం రాసి పంపుతానంటే రమణమూర్తి గారు వద్దన్నారు. ఇప్పుడు మాట మారిస్తే నువ్వు నేర్పించి చెప్పించావనుకుంటారట, అది మరీ ప్రమాదమట. సిగ్గుగా ఉంది రోజా. ఏం చెయ్యాలో తోచడం లేదు. నువ్వయితే ఈపాటికి ఏదో ఒకటి తేల్చేసేదానివి.

నిన్న ఉండబట్టలేక జెట్టీ మీద కోటి బావతో అనేశాను, ఈ కంపెనీ నడిపేది నువ్వేనని, నాది ఉత్త సంతకమని. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అది హార్బర్లో అందరికీ తెలిసిందే బావ. నువ్వు సెప్పుకోలేవని మేమెవరమూ అడగలేదు," అన్నాడు.

ఎవరి ముందు పరువు పోతుందని భయపడ్డానో వాళ్ళందరికీ ముందే తెలుసట. తెలియని మనిషి ఆ చెన్నై ఆయన ఒక్కడే. అడిగింది కూడా ఆయన ఒక్కడే.

ఇట్లు,
మన ధనశ్రీ నాన్న,
సాయిశంకర్