కంప్యూటర్‌ల పడిగె

సారపాక, 2008, శనివారం రాత్రి.

పొద్దున మామ కోడిపుంజును సంకల పెట్టుకొని క్వార్టర్‌కు వచ్చిండు. ఏంది మామా అంటే, "ఇయ్యాల పడిగె విప్పుతనంటివి గదా" అన్నడు.

నేనన్నది ఈ-బుక్ సంగతి. మా వేల్పుల కథ మామ పాడితే రాసుకున్న, పడిగె అనే ఆ వేల్పుల జెండా గుడ్డ మీది బొమ్మలను ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తున్న. కోడిని కొయ్యంది మావోళ్లు ఆ గుడ్డను విప్పరు. మళ్ల చుట్టినంకనే ఆ కూర తింటరు. కంప్యూటర్‌కు గూడ అది వర్తిస్తదని నాకు తోచనే లేదు.

మామ పెరట్ల కోసినంకనే స్క్రీన్ ముందు కూసున్నడు. నేను పేజీలు జరుపుతుంటే బొమ్మ బొమ్మకూ సన్నగ పాడిండు. మా మూల తాత బొమ్మ ఒకటి రెండు పేజీల నడుమ తెగింది. "తాతను నడుముకాడ నరికినవేందిరా" అని నవ్విండు. అది సరిచేస్తే కింది పేజీలన్నీ జరిగినయ్. విషయసూచిక మళ్ల చెయ్యాలె.

కూర ఉడికినంక అడిగిండు, "మరి ఎప్పుడు చుడతవ్?"

"నెట్‌ల పెట్టినంక చుట్టుడుండదు మామా. ఎవరన్న, ఎప్పుడన్న తెరుస్తరు."

మామ కూర ముట్టకనే లేసిండు. చెప్పులేసుకొని బస్సుకు పోయిండు.

అప్పటి సంది పని సాగుతలేదు. అక్షరాల సైజు పెంచిన, తగ్గించిన. మొదటి పేజీల చదివేటోళ్లకు "కోడిని కోసినంకనే తెరువుండ్రి" అని ఒక మాట రాసిన. ఎవరిని కోడిని కొయ్యమంట? తీసేసిన. రేపు ఎక్కిస్తనని దోస్తుకు మాటిచ్చిన గానీ...

ఫైలు తెరిచే ఉంది. కూర గిన్నె మూత ఇంకా తియ్యలే.