మోకాలి మీద అతుకు

సెప్టెంబర్ 9

ముసురు వదిలింది. మామయ్య పొద్దున్నే బుట్ట, చాకు పట్టుకుని అడవికి బయల్దేరారు. పుట్టగొడుగులు దొరికే చోటు కన్నకొడుక్కైనా చెప్పరు, జర్మనీలో మా సాక్సనీ వైపు అంతే. ఎదురుగా ఎవరొచ్చినా హుడ్ ముందుకి లాక్కుని చెట్టు చాటుకి తప్పుకుంటారు. డెబ్భై ఎనిమిదేళ్ల దొంగ. వెన్నలో వేయించాను. ఆయన కొడుకు, అదే మా ఆయన రాల్ఫ్, రెండు ప్లేట్లు లాగించాడు.

సెప్టెంబర్ 11

తింటున్నా రాల్ఫ్ చేతిలో ఫోనే. ఊరి గ్రూప్‌లో ఒక ఫోటో. పొగమంచు, చెట్లు, హుడ్ వేసుకున్న మనిషి, చేతిలో కత్తి. మొహం కనపడదు. స్కూలు వెనక అడవిలో విదేశీయుడు, పిల్లల్ని పంపకండి అని ఎవరో రాశారు. నల్లవాడే, నడకలోనే తెలుస్తోంది అని రాల్ఫ్ తన వంతు చేర్చి షేర్ చేశాడు. ఫోటోలో నడక ఎలా కనిపించిందో మరి.

పదేళ్లు పోతే ఈ ఊళ్లో మనమే పరాయివాళ్లం, రాసి పెట్టుకో అన్నాడు. రాశాను.

సెప్టెంబర్ 12

ఫోటో జూమ్ చేశాను. ఎడమ మోకాలి మీద ఎర్ర అతుకు. మామయ్య ప్యాంటుకి నేను కుట్టిందే, మా పాత కర్టెన్ ముక్క.

రాల్ఫ్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇప్పుడు పోస్టు తీసేస్తే ఊరంతా నవ్వుతుంది అన్నాడు. అయినా నిప్పు లేనిదే పొగ రాదుగా అన్నాడు. పొగ పెట్టింది నువ్వేగా అన్నాను. తలుపు ధడేల్‌మని వేసుకుని వెళ్లాడు.

సెప్టెంబర్ 14

మెర్హావిని కొట్టారు. మా బేకరీలో పిండి కలుపుతాడు. ఆఫ్రికాలోని ఎరిట్రియా నుంచి వచ్చాడు, ఆరేళ్లుగా నా పక్కనే పని. సైకిల్ మీద అడవి దారిన వస్తుంటే నలుగురు ఆపి, కత్తి ఏదిరా అన్నారట. సంచిలో రొట్టె, జున్ను ఉన్నాయి. కుడిచెయ్యి విరిగింది. ఏడుపొచ్చింది, ఒళ్లూ మండింది.

రాల్ఫ్ అక్కడ లేడు. లేనని అడక్కుండానే మూడుసార్లు చెప్పాడు.

సెప్టెంబర్ 16

పోలీసులు వచ్చారు. ఫోటోలో మనిషి ఎవరో తెలిస్తే చెప్పమన్నారు. కత్తివాణ్ణే పట్టుకున్నాం అని ఆ నలుగురూ అంటున్నారట, ఊరూ అదే నమ్ముతోంది. తెలీదు అన్నాడు రాల్ఫ్. నేను పక్కనే నిలబడి ఉన్నాను. వాళ్లని గుమ్మందాకా సాగనంపాను.

సాయంత్రం ఫోటో మామయ్యకి చూపించాను. అది నేనే అని ఆయన నోటితో చెబితే ఎవరూ కాదనలేరు, మెర్హావి మీద మచ్చ పోతుంది. కళ్లద్దాలు పెట్టుకుని చూశారు. అబ్బో, వీడి వాలకం చూడమ్మాయ్, వీడు దొరికేదాకా అటు పోకు అన్నారు. అది మీ ప్యాంటు కదా మామయ్యా అన్నాను. ఆయన అరచెయ్యి మెల్లగా మోకాలి మీదికి వెళ్లింది. నేను గదిలోంచి వచ్చేసేదాకా అక్కడే ఉంది.

సెప్టెంబర్ 17

మామయ్య అతుకు ఊడదీసిన ప్యాంటు తెచ్చారు. వేరే రంగుది వెయ్యమ్మాయ్, రాల్ఫ్ ఈ ఊళ్లోనే బతకాలిగా అన్నారు.

వేశాను.