పులిహోర తేవద్దని మనవి

శ్రీరామ
అమీర్‌పేట, ఆదివారం సాయంత్రం

చైత్ర చిత్రశాల మేనేజరు గారికి, అమీర్‌పేట నుంచి వసుమతి నమస్కారాలతో రాస్తున్నాను.

నేనెవరో మీకు తెలియదు. ఈ మధ్యాహ్నం పంజాగుట్టలో ఎండకు తాళలేక మీ హాల్లోకి వచ్చాను. లోపల చల్లగా ఉంది. గోడల నిండా వసంతకాలం బొమ్మలున్నాయి. వాటి మధ్య నేల మీద చాప పరిచి, ఆరు స్టీలు పళ్ళాలూ ఆరు గ్లాసులూ పెట్టి ఉన్నాయి. భోజనాల వేళ దాటిపోయింది, వడ్డించేవాళ్ళ జాడ లేదు. చుట్టూ చేరినవాళ్ళంతా చేతులు కట్టుకుని ఆ పళ్ళాల్లోకే చూస్తున్నారు. పాపం, ఎంత ఆకలి మీదున్నారో అనుకున్నాను.

గుడిలో నైవేద్యం పెట్టి తెస్తున్న పులిహోర గిన్నె నా చేతిలోనే ఉంది. అన్ని పళ్ళాల్లోనూ తలా కాస్త వడ్డించి వచ్చాను. తొందరలో గిన్నె అక్కడే మరిచిపోయాను. దయచేసి దాచి ఉంచండి.

ఇట్లు,
వసుమతి

తా.క.: వడ్డించగానే అందరూ ఫోన్లు తీసి ఫొటోలు తీసుకున్నారు గానీ ఒక్కరూ కూర్చోలేదు. ఉప్పు తక్కువైందంటారా?


చైత్ర చిత్రశాల, పంజాగుట్ట
సోమవారం

గౌరవనీయులైన వసుమతి గారికి,

విషయం: ప్రదర్శనలో భోజన పదార్థాలు వడ్డించుట గురించి.

మీ ఉత్తరం అందినది. మీరు చూసినది భోజనాల ఏర్పాటు కాదు. అది ఒక కళాకృతి. దాని పేరు ‘బంతి’. యువ కళాకారిణి ధాత్రి గారు రూపొందించారు. పళ్ళాలు ఖాళీగా ఉండటమే అందులోని భావం. పక్కనే బోర్డు మీద అంతా రాసి ఉన్నది.

పులిహోరకు చీమలు వచ్చినవి. మొత్తం పారవేయవలసి వచ్చినది. ఇకముందు పులిహోర తేవద్దని మనవి.

భవదీయుడు,
రాఘవేందర్, మేనేజరు

తా.క.: మీ గిన్నె కడిగించి వాచ్‌మన్ పెంటయ్య వద్ద ఉంచాము. ఉప్పు సరిపోయినది.


శ్రీరామ
అమీర్‌పేట, బుధవారం

రాఘవేందర్ గారికి, ఆశీస్సులు. మీరు నాకంటే చిన్నవారని పెంటయ్య చెప్పాడు.

మీరు వద్దన్నారు గనుక ఇవాళ పులిహోర తేలేదు. దద్ధ్యోజనం తెచ్చాను.

నిజానికి కాస్త ఉప్పు మాత్రమే తెద్దామనుకున్నాను. పళ్ళాలు ఖాళీగా ఉండటమే భావం అన్నారు. ఆ అమ్మాయి చిన్నది, తెలిసి ఉండదు. మా ఇళ్ళల్లో మనిషి కోసం పళ్ళెం పెట్టాక దాన్ని వట్టిగా ఉంచరు. ఏమీ లేకపోతే ఓ పక్కన చిటికెడు ఉప్పైనా వడ్డిస్తారు. అయితే ఉప్పు ఒక్కటే ఏం బాగుంటుందని మామిడికాయ ముక్క వేశాను. ముక్క ఒక్కటే ఏం తింటారని దద్ధ్యోజనం కలిపాను.

ఈసారి కూర్చున్నారండీ! మా వీధి హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్ళే ఆడపిల్లలు మెట్రో మెట్ల దగ్గర కనిపిస్తే, బొమ్మలు చూద్దురుగాని రమ్మన్నాను. హైందవి అనే పిల్ల రెండోసారి పళ్ళెం చాపి, “ఆంటీ, జర ఇంకింత ఎయ్యరాదు. మా హాస్టల్ సాంబార్ల పళ్ళెం అడుగున పువ్వుల డిజైన్ సుత సాఫ్‌గ కనవడ్తది” అంది. అందరం నవ్వుకున్నాం. తిన్నాక ఒక్కో బొమ్మా చూశాం. మోదుగుపూల బొమ్మ దగ్గర చాలాసేపు నిలబడ్డాం. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను, ఇక్కడి వసంతం ఇంత బాగుంటుందని నాకెవరూ చెప్పలేదు.

ఇట్లు,
వసుమతి

తా.క.: పెంటయ్య కూడా తిన్నాడు. “మస్తుగున్నది గానీ అమ్మా, జర కారం పడాలె” అన్నాడు. రేపు ఊరమిరపకాయలు వేయించి తెస్తాను. పులిహోర మాత్రం తేను, మాటిస్తున్నాను.


చైత్ర చిత్రశాల, పంజాగుట్ట
శుక్రవారం

వసుమతి గారికి,

విషయం: అదే.

పరిస్థితి చేయి దాటినది. నిన్న ఒక దినపత్రికలో ‘ఖాళీ పళ్ళాల మీద పెరుగన్నం వాసనను అనుభవింపజేసిన ధాత్రి కళ’ అని రాశారు. పొద్దుటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. ఒకాయన రెండో బంతి ఎన్ని గంటలకని అడిగాడు. ఇంకొకాయన పుట్టినరోజు పార్టీకి మొత్తం చాప బుక్ చేయమన్నాడు. చాప మీద ఇప్పటికే పచ్చడి మరక ఉన్నది. దాన్ని ఒక పెద్దమనిషి అద్దాలు సవరించుకుని చూసి, “ఇందులో చాలా బాధ ఉందండీ” అన్నాడు.

ధాత్రి గారు ఆదివారం స్వయంగా వస్తున్నారు. ఆమె ఇదంతా చూస్తే నా ఉద్యోగం ఉండదు. మీరు పెద్దవారు, అన్యథా భావించవద్దు. ప్రదర్శన ముగిసేవరకు మీరు లోపలికి రావద్దని కోరుతున్నాను.

భవదీయుడు,
రాఘవేందర్

తా.క.: ఊరమిరపకాయలు కొంచెం ఎక్కువ వేగినవని పెంటయ్య అన్నాడు. నాకు తెలియదు.


శ్రీరామ
అమీర్‌పేట, శనివారం

రాఘవేందర్ గారికి,

మీ ఉత్తరం పెంటయ్య ఇంటికి వెళ్తూ ఇచ్చి వెళ్ళాడు. మీ ఉద్యోగానికి నా వల్ల ఇబ్బంది రాకూడదు. ఇక రాను. మీ మీద నాకేమీ కోపం లేదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మావారు చలపతిరావు గారు బేగంపేటలో ఆఫీసుకు వెళ్ళేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ మా అపార్ట్‌మెంటులో ఏ పేరంటమైనా నేను లేకుండా జరిగేది కాదు. ఆయన పోయాక పిలవడం మానేశారు. వాళ్ళను అనడానికేముంది, ఆనవాయితీ అలాంటిది. పారాయణకు మాత్రం రమ్మనేవారు. కానీ తాంబూలాలిచ్చే వేళకు నా వైపు చూడకుండా ఉండటానికి అందరూ ఎంతో అవస్థ పడేవారు. వాళ్ళకా అవస్థ ఎందుకని నేనే వెళ్ళడం మానేశాను.

మీ హాల్లో గుమ్మం దగ్గరే పెంటయ్య “తిన్నవా అమ్మా?” అని అడిగేవాడు. ఆ మాట కోసం ఒక మెట్రో స్టాపు దూరం వచ్చినా ఎక్కువనిపించలేదు.

మా వెనక సందులో స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు మేకులతో కొట్టిన వేపచెట్టు పూసింది. గురువారం ఉగాది కదా, పచ్చడికి పూత ఏరుకొచ్చాను. ఇద్దరి కొలతే చేతికి అలవాటు. ఎంత తగ్గిద్దామన్నా తగ్గదు.

ఇట్లు,
వసుమతి

తా.క.: మిరపకాయలు ఎక్కువ వేగిన మాట నిజమే. హైందవి మా వంటింట్లోకి వచ్చి ఏదో చెప్పి నవ్విస్తుంటే బాణలి సంగతి మరిచిపోయాను. పొయ్యి దగ్గర నవ్వి చాలా రోజులైంది.


పంజాగుట్ట
సోమవారం

వసుమతమ్మకు,

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. అందుకే లెటర్‌హెడ్ మీద రాయడం లేదు.

ధాత్రి గారు నిన్న వచ్చారు. పళ్ళాలు తళతళలాడుతున్నాయి, కొత్త చాప పరిపించాను. చూసి “చాలా శుభ్రంగా ఉంచారు” అన్నారు. పత్రికలో వచ్చింది చదివి, “పెరుగన్నం వాసనట! విమర్శకుల ఊహకు అంతుండదు” అని నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం విమానానికి వెళ్ళిపోయారు. నా ఉద్యోగానికి ఏం కాలేదు.

ఆమె వెళ్ళాక హాల్లో నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఇన్నాళ్ళూ ఆ పళ్ళాలు నాకు బొమ్మలాగే కనిపించాయి. నిన్న మొదటిసారి ఖాళీగా కనిపించాయి. హైందవి తలుపు దగ్గర నుంచే తొంగిచూసి వెళ్ళిపోయింది. పెంటయ్య అయితే మొహం మీదే అన్నాడు: “సార్, అమ్మ రాకుంటే గీ పళ్ళేల దిక్కు సూడబుద్ధైతలేదు. నువ్వు గా ఉత్తరం రాయకుండ ఉంటే అయిపోవు.”

బుధవారం ప్రదర్శన ముగుస్తుంది. పళ్ళాలు పెట్టెల్లో సర్ది చెన్నైకి పంపాలి. గురువారం ఉగాది అని మా మెస్ కూడా మూసేస్తున్నారు. ఊరికే, తెలియజేయడానికి రాశాను.

మీ,
రాఘవేందర్

తా.క.: చీమలు రాలేదు. గా దినం ఆరు పళ్ళేల పులిహోర నేనే తిన్న. పెంటయ్యకు ఒక్క ముద్ద సుత పెట్టలే. ఆయన నాతోని ఇంకా సక్కగ మాట్లాడుతలేడు.


శ్రీరామ
అమీర్‌పేట, మంగళవారం

చిరంజీవి రాఘవేందర్‌కు,

పారేశానన్నవాడికి ఉప్పు సరిపోయిందని ఎలా తెలిసిందా అని నేను ఆ రోజే అనుకున్నాను. నువ్వు నిజం చెప్పావు కాబట్టి నేనూ చెప్పాలి.

బోర్డు నేను మొదటి రోజే చదివాను. పదో తరగతి పాసయ్యానయ్యా, తెలుగు బోర్డు చదవలేనా? ‘వడ్డించే చెయ్యి లేని బంతి’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆకలితో చూడటం లేదనీ నాకు తెలుసు. ఆకలి మొహాలు ఎలా ఉంటాయో ఒకప్పుడు మా ఇంట్లో బంతికి వడ్డిస్తూ చూసినదాన్నే కదా.

కానీ ఆ అక్షరాలు చదివాక ఊరికే వెళ్ళిపోలేకపోయాను. మా ఇంట్లో వడ్డించే చెయ్యి ఉంది, కూర్చునేవాళ్ళు లేరు. మీ హాల్లో పళ్ళాలున్నాయి, చెయ్యి లేదు. చుట్టూ చూశాను. నన్ను తెలిసినవాళ్ళెవరూ లేరు. తెలియని ముసలమ్మ పొరపాటు పడిందనుకుంటారులే అని వడ్డించేశాను. రాముడికి మాత్రం ఆ రాత్రి దీపం పెట్టినప్పుడే చెప్పుకున్నాను. ఆయనేమీ అనలేదు.

ఆ పళ్ళాలు చెన్నై వెళ్తే వెళ్ళనీ. మా ఇంట్లోనూ స్టీలు పళ్ళాలున్నాయి. వాటి కింద బోర్డు లేదు, అంతే తేడా. గురువారం నువ్వు, పెంటయ్య, హైందవి, ఆమె స్నేహితురాళ్ళు రండి. పెంటయ్య కోసం విడిగా కారం నూరుతాను. పులిహోర మాత్రం చేయను. తేనని నీకు మాటిచ్చాను. కావాలంటే లెటర్‌హెడ్ మీద, ‘విషయం’ అని పైన పెట్టి, సంతకం చేసి పంపు. ఆలోచిస్తాను.

ఇట్లు,
వసుమతి

తా.క.: మా ఇంటి పళ్ళాలు ఆరు తోమి, ఇవాళే చాప మీద పెట్టి చూశాను. ఉప్పు మాత్రం ఇంకా వడ్డించలేదు. మీరు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడ్డాక వడ్డిస్తాను.