తిమింగలాన్ని నేనూ చూశాను

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున కాకినాడకి ఉత్తరంగా వేటకెళ్లాం. సముద్రపు పక్షులు గుంపుగా నీళ్లమీద వాలుతుంటే పడవ అటు తిప్పాం. మా పడవకన్నా పెద్ద తిమింగలం పైకి తేలి, ఎత్తుగా నీళ్లు చిమ్మి, మునిగిపోయింది.

నువ్వు చూశానని చెప్పింది ఇలాంటిదాన్నే. అప్పుడు నిన్ను 'కోతలరాయుడు' అని మొదట పిలిచింది నేనే. ఆ పేరు ఊరంతా పాకింది. నిన్నెవరూ తమ పడవ ఎక్కించుకోలేదు. ఒక్కడివే తెప్ప మీద వేటకెళ్లి, తిరిగి రాలేదు.

ఒడ్డుకొచ్చి నేను చెబితే మాత్రం అందరూ నమ్మారు.

"నువ్వు చెప్పావంటే నిజమే బావా. మీ తమ్ముడైతే అన్నీ కోతలే కోసేవాడు," అన్నాడు టీకొట్టు సూరిబాబు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అన్నయ్య